బరువు తగ్గిన ట్రిగ్గర్

"అక్కా, నా కొడుకుని కాపాడు. వాడు కావాలని కాల్చలేదు!"

డిటెక్టివ్ తాచివా గుమ్మంలోనే అఫ్రకోమా కూలబడింది. సహాయకుడు అంపోఫో చెయ్యిచ్చి లేపాడు. ఆమెవి పగుళ్ళ చేతులు, పగుళ్ళకి రాసుకున్న షియా గింజల వెన్నతో జారుతున్నాయి. నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదట.

నిన్న శనివారం, ఊళ్ళో కర్మ. ఆచారం ప్రకారం ఆమె కొడుకు దార్కో తండ్రి చేసిన చెకుముకి పిస్టల్‌తో పెద్దల ముందు వంగి, తర్వాత ఆకాశంలోకి కాల్చాలి. వంగుతుండగానే అది పేలింది. గుండు లేని ఉత్త మందే అయినా అంత దగ్గర్నుంచి మేనమామ పాదం చిట్లిపోయింది. మామ పెద్దరికం మేనల్లుడికే వస్తుంది గనుక, కావాలనే కాల్చాడంటున్నారు. సాయంత్రం పోలీసులు వస్తారు.

"పోయినేడాది ట్రిగ్గర్ రెండు చేతుల్తో లాగినా కదల్లేదక్కా. ఊరంతా నవ్వింది," అంది అఫ్రకోమా.

దార్కో కొలిమిలో తాచివా పిస్టల్ విప్పింది. ట్రిగ్గర్ నొక్కేదాకా పిస్టల్ సుత్తిని పట్టి ఉంచే గాడి కొత్తగా మెరుస్తోంది. అంచున తెల్లటి జిడ్డు. కింద నేల మీద ఇనుప రజను.

"నన్నెందుకు చూస్తావమ్మా?" అన్నాడు పక్క కమ్మరి అడోమాకో. "పోయినేడాది ట్రిగ్గర్ కదలనప్పుడు వాడివి అరటిపండు వేళ్ళన్నాను, నిజమే. అన్నంత మాత్రాన ఆకురాయి పట్టానా?"

"ఇదేంటి, షియా వెన్నా?"

"వెన్నెవడు పూస్తాడు! బూడిదంతా అతుక్కుంటుంది. మేం పామాయిలే వేస్తాం."

"ఇక్కడ ఊడ్చిందెప్పుడు?"

"బుధవారం సాయంత్రం," అన్నాడు దార్కో. "శుక్రవారం పొద్దున్నే పిస్టల్ ఇంటికి తీసుకెళ్ళాను. మధ్యలో గురువారం, భూమాత విశ్రాంతి. ఆ రోజు ఏ కమ్మరీ పనిముట్టు పట్టడు."

తాచివా పెద్దలందర్నీ అక్కడికే పిలిపించింది.

"గురువారం ఆకురాయి పట్టినవాళ్ళు కమ్మరులు కాదు. వెన్న పూసినవాళ్ళూ కమ్మరులు కాదు. ఈ కొలిమి తాళంచెవి ఉండేది దార్కో ఇంట్లో. ట్రిగ్గర్ తేలికవ్వాలని గాడి అరగదీశారు. సుత్తికి పట్టు పోయింది. వంగిన కుదుపుకే పడిపోయింది. వంగేటప్పుడు పేలకూడదనే దార్కో తండ్రి దాన్ని అంత బరువుగా చేశాడు." ఆమె గొంతు తగ్గింది. "చెప్పు, అఫ్రకోమా."

"మళ్ళీ నవ్వుతారేమోనని భయపడి చచ్చానక్కా! కొంచెమే అరగదీశాను... నా తోడబుట్టినవాడి కాలు... నన్నే తీసుకుపోండి!"

అంపోఫో మెచ్చుకోలుగా తాచివా వైపు చూశాడు. ఆమె మాత్రం దార్కోనే చూస్తోంది.

"నాకూ తెలుసు," అన్నాడు దార్కో తల వంచుకుని. "శుక్రవారం నొక్కి చూశాను, ఇట్టే కదిలింది. సంతోషపడ్డానే గానీ, ఎందుకని విప్పి చూడలేదు. కమ్మరిని నేనే కదా, అమ్మ కాదు కదా."

అఫ్రకోమా చెప్పులు విడిచి, తప్పు చేసినవాళ్ళు పెద్దల ముందుకు వెళ్ళినట్టు ఉత్త కాళ్ళతో తోడబుట్టినవాడున్న ఆసుపత్రి దారి పట్టింది. కొడుకు కూడా చెప్పులు విడిచాడు.