బురదలో కూర్చున్న సుందరి

పదకొండు గంటల ఎనిమిది నిమిషాలకు సుందరి కూర్చుంది.

ఎదురుగా పులి కర్ర ఎత్తి నిలబడి ఉంది. ఆఖరి పోరు. నలభై లక్షల ఇళ్లలో జనం ఊపిరి బిగబట్టారు. పన్నెండేళ్లుగా ఏ బరిలోనూ ఓడని గేదె, సాముగరిడీల సుందరి, తన కర్రను మెల్లగా నేలకు ఆనించింది. పక్కనున్న బురదగుంటను ఒకసారి వాసన చూసింది. తాపీగా అందులో కూలబడి నెమరు వేయడం మొదలుపెట్టింది.

పులి కొట్టింది. సుందరి చెవి ఆడించింది. పులి మళ్లీ కొట్టింది. సుందరి తోక విసిరింది. ముద్దెడు బురద వెళ్లి పులి కళ్లలో పడింది.

అంతే. కథ అక్కడే ఆగిపోయింది.

విజయనగరం చిత్రశాల ఆరో అంతస్తులో అలారం మోగుతూనే ఉంది. గొర్లె భార్గవి పరుగున లోపలికి వచ్చింది. ఆమె లోపశోధకురాలు. తెర మీద ఏ తప్పు జరిగినా ఎవరివల్ల జరిగిందో కనిపెట్టడం ఆమె పని.

"ఎన్ని ఇళ్లలో?" అని అడిగింది.

"అన్నింట్లోనూ మేడమ్," అన్నాడు యంత్రం ముందు కూర్చున్న ధనుంజయ. "నలభై లక్షల తెరల మీదా ఒకే గేదె, ఒకే బురద. వెంట్రుకవాసి కూడా తేడా లేదు."

భార్గవికి చెమట పట్టింది. ఎందుకంటే అలా జరగడానికి వీల్లేదు.

ఆ రోజుల్లో అందరికీ ఒకటే సినిమా అన్న మాటే లేదు. చూసేవారి మణికట్టుకు నాడికంకణం ఉంటుంది. గుండె ఎప్పుడు గబగబా కొట్టుకుంటోందో, ఎప్పుడు విసుగెత్తి నెమ్మదించిందో అది గమనించి అల్లికయంత్రానికి చెబుతుంది. అల్లికయంత్రం ఆ మనిషికి నచ్చేలా కథను అప్పటికప్పుడు అల్లి, వారి సొంతతెర మీద వేస్తుంది. ఒకే సోఫాలో పక్కపక్కనే కూర్చున్న మొగుడికీ పెళ్లానికీ సుందరి రెండు రకాలుగా గెలుస్తుంది. ఏ రెండు తెరల మీదా ఒకే కథ రాదని చిత్రశాల రాసిచ్చిన హామీ. గంటసేపు ఆ హామీ తప్పితే, తప్పు ఏ పాత్రలో ఉందో ఆ పాత్ర దేహాన్ని యంత్రమే చెరిపేసి కొత్త దేహం అల్లుకుంటుంది. ఆపడానికి ఎవరికీ అధికారం లేదు.

"పన్నెండు గంటల ఎనిమిది నిమిషాలు," అన్నారు వెనకనుంచి రావుగారు. "అంతవరకే సుందరికి ఆయుష్షు."

చిత్రశాల అధిపతి ఆయనే. అరవై రెండేళ్ల భారీ మనిషి. తెల్లగడ్డం. సుందరిని ఊహించి పుట్టించింది కూడా ఆయనే. ఏనుగూ సింహమూ ఉండగా గేదె ఏమిటని అందరూ నవ్వితే, "దున్నపోతు మీద వాన కురిసినట్టు అంటారు కదా, అంతకుమించిన వీరత్వం ఏముంది?" అని ఎదురడిగిన మనిషి. కంగారు పడితే ఆయన ఎడమ మడమ నేలకు ఆనదు. ఆ బరువంతా మునివేళ్ల మీద మోస్తూ నిలబడతారు. ఇప్పుడూ అలాగే నిలబడి ఉన్నారు.

భార్గవి పని మొదలుపెట్టింది. బయటివాళ్లెవరూ యంత్రంలో చొరబడలేదు. నాడికంకణాలు సరిగ్గానే ఉన్నాయి. కూర్చోమన్న ఆజ్ఞ ఎక్కడనుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళ్లి, ఇరవై నిమిషాలకు ఆమె ఒకచోట ఆగింది.

"సార్, ఆజ్ఞ బయటనుంచి రాలేదు. సుందరి దేహంలోంచే వచ్చింది. పన్నెండేళ్ల కిందట సుందరి కోసం కర్రసాము గురువు బోనెల అప్పలస్వామి గారి కదలికలు పట్టారు కదా, అందులో ఇదొకటి."

ధనుంజయ చిటికె వేశాడు. "దొరికాడు ముసలాయన! ఆనాడు మనవాళ్లు నవ్వినందుకు పన్నెండేళ్లు ఓపిక పట్టి పగ తీర్చుకున్నాడు."

"నోరు ముయ్యి," అన్నారు రావుగారు, ఎవరూ అనుకోనంత గట్టిగా.

"నోరు మూస్తా గానీ సార్, ఇది కూడా విచారించండి. కదలికల గదిలో, కదలికలు పట్టేటప్పుడు తొడిగే కవచం ఒకటి నడుం దగ్గర చిరిగిపోయి ఉంది. నేను కాదు. నాకంత నడుం లేదు."

రావుగారు గడియారం వైపు చూశారు. భార్గవి అప్పటికే మెట్లు దిగుతోంది.

అప్పలస్వామి ప్రతి ఆదివారం వచ్చి కింది క్యాంటీన్‌లో పెసరట్టు తింటాడు. ఎనభై ఒక్కేళ్లు. ఆయన సాము నేర్పే గరిడీలో ఇప్పుడు శిష్యులు లేరు. నలభై రెండు పట్లు, ఆరు రకాల అడుగులు ఆయన ఒంట్లో ఉన్నాయి, సుందరి ఒంట్లో ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. ఆయన చేతికి నాడికంకణం కూడా లేదు. నా గుండె సంగతి గేదెకెందుకని పెట్టుకోడు.

"తాతగారూ, సుందరి కూర్చుండిపోయింది."

ఆయన చేతిలోని అట్టుముక్క ఆగింది. "ఎక్కడ?"

"బరిలో. పులి ముందు. పన్నెండూ ఎనిమిదిలోపు లేవకపోతే యంత్రం దాన్ని చెరిపేస్తుంది. మీ పట్లన్నీ దాంతో పోతాయి."

ముసలాయన ముఖం పాలిపోయింది. చేయి కడుక్కోవడం కూడా మరచి లేచాడు. "ఒక్క మాట సెప్పు తల్లీ. కర్ర పారేసిందా, నేలకి ఆనించిందా?"

"ఆనించింది."

"అయితే అది ఓడిపోనేదు." ఆయన గొంతులో ఏదో వెలిగింది. "మర్యాద సేసింది!"

లిఫ్టు వైపు నడుస్తూ చెప్పాడు. ఒకే గరిడీలో సాము నేర్చినవాళ్లు ఎన్నో ఏళ్లకు, ఎక్కడో పరాయి ఊరి బరిలో, ముఖాలు గుర్తుపట్టక ఎదురుపడవచ్చు. అప్పుడు అడుగును బట్టి ముందుగా ఆనవాలు కట్టినవాడు కర్ర నేలకానించి కూర్చోవాలి. ఎదుటివాడు కొట్టినా లేవకూడదు. గరిడీ గురువు వచ్చి ఎదుటివాణ్ణి పేరు పెట్టి పిలిచాకే లేవాలి. సొంతవాళ్ల మీద కర్ర ఎత్తకూడదు.

"మూడో ఏడు నేర్పుతాం ఈ పాఠం. ఇది కూడా పట్టండి బావూ అంటే మీ కుర్రోళ్లు నవ్వినారు. నవ్వుతానే పట్టినారు."

"కానీ తాతగారూ, అటుపక్క మనిషే లేడు. పులిని మొత్తం యంత్రమే అల్లింది. రావుగారే చెప్పారు."

"యంత్రానికి మా అడుగు ఎవుడు నేర్పినాడే?"

భార్గవి లిఫ్టు మీట నొక్కింది.

లిఫ్టు గాజుగోడలోంచి వీధి కనిపించింది. ఆమె నోరు తెరిచింది. ఆదివారం ఉదయం ఎవరి తెర ముందు వాళ్లు కూర్చుని ఖాళీగా పడి ఉండే వీధి అది. ఇప్పుడు మెట్ల మీద, అరుగుల మీద, స్కూటర్ల మీద జనం. ఒకరి తెర ఒకరికి చూపించుకుంటున్నారు. ఎవరో పెద్ద తెర తెచ్చి గోడకు ఆనించారు. సుందరి తోక విసిరినప్పుడల్లా వీధంతా ఒక్కసారిగా పగలబడి నవ్వుతోంది. రెండో అంతస్తులో లిఫ్టు ఆగితే ఒకావిడ ఎక్కింది, చేతిలో కంకణం ఊపుకుంటూ.

"ఫిర్యాదా అమ్మా?" అంది భార్గవి బెదురుగా.

"ఫిర్యాదేటి! ఈ కంకణం మాకొద్దు, తిరిగిచ్చేద్దామని వచ్చాను. పదేళ్లయింది మా ఆయనా నేనూ ఒక జోక్‌కి నవ్వి. ఇవాళ ఆ గేదె బురద కొట్టింది చూడు, ఇద్దరం ఒకేసారి నవ్వాం. ఆయన నవ్వితే పన్ను ఒకటి లేదు! ఎప్పుడు ఊడిందో నాకు తెలియనే తెలియదు."

పన్నెండు కావస్తోంది.

ఆరో అంతస్తులో ధనుంజయ తెర ముందు కొయ్యబారిపోయి కూర్చున్నాడు. నలభై లక్షల గుండెల లెక్క చూపించే పటం అది. ఎప్పుడూ చీమల పుట్టలా ఉండే గీతలన్నీ, బురద పడిన ప్రతిసారీ కలిసి ఒకే కెరటంగా లేస్తున్నాయి. అలాంటిది చూస్తామని ఆ యంత్రం చేసినవాళ్లు ఎవరూ కలలో కూడా అనుకోలేదు.

"పులిని చూపించండి బావూ," అన్నాడు అప్పలస్వామి. "మెల్లగా నడిపించండి."

పులి నడిచింది. మూడడుగులు ముందుకు, నాలుగో అడుగు పక్కకు.

"మాదే," అన్నాడు ముసలాయన. తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా వెళ్లాడు. "మళ్లీ సూపించు. ఆ ఎడమకాలు."

దెబ్బ ఎత్తే ముందు పులి ఎడమ మడమ నేలకు ఆనలేదు. మునివేళ్ల మీద లేచింది.

అప్పలస్వామి తెరమీది ఆ మడమను వేలితో తాకాడు. గడియారం పన్నెండు మూడు చూపిస్తోంది.

"టైము లేదు," అన్నారు రావుగారు. "ఇంకేం చేసినా లాభం లేదు. వదిలేయండి."

"ఉండండి సార్," అంది భార్గవి. "తాతగారూ, ఎవరిదో తెలుసా ఆ అడుగు?"

"తెల్సు. యాభై ఏళ్లు పైనయింది. ఒక గుంటడుండేవోడు. ఒళ్లు బరువు, మనసు తేలిక. ఆ మడమ కింద పెట్టరా అని బెత్తంతో వంద సార్లు కొట్టినాను. ఆ గుంటడు మాత్రం పెట్టనేదు. ఒకనాడు పదిమందిలో నాకు ఇసుగొచ్చి, 'నీకు సామెందుకురా, దున్నపోతా, ఎల్లి బురదలో కూకో' అన్నాను. గరిడీ అంతా నవ్వింది. నానూ నవ్వినాను." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "ఆ మర్నాడు రానేదు. రెండో ఏడు పూర్తవకుండానే ఎల్లిపోనాడు. మర్యాద పాఠం ఆడికి అందనే నేదు. అందుకే సూడు, సుందరి కూకున్నా ఆ పులి కొడతానే ఉంది."

భార్గవి చూపు తెరమీది పులి మడమ మీదనుంచి మెల్లగా కిందికి జారి, గది మూల నిలబడి ఉన్న నల్లబూట్ల మీద ఆగింది. ఎడమ బూటు మడమ నేలకు బెత్తెడెత్తున ఉంది. ధనుంజయ కూడా అటే చూశాడు. అక్కడినుంచి అతని చూపు పైకి, ఆ నడుం దాకా వెళ్లింది. చిరిగిన కవచం గుర్తొచ్చి నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు.

అప్పలస్వామి వెనక్కి తిరగలేదు. తెర వైపే చూస్తూ, యాభై ఏళ్ల కిందటి గొంతుతో అన్నాడు:

"ఎడమ మడమ కింద పెట్టరా."

టక్ మని బూటు నేలను తాకింది.

ఆ చప్పుడుకు ముసలాయన నవ్వాడు. రావుగారు నవ్వలేదు. పది నిమిషాల్లో ఆయన పదకొండేళ్లవాడైపోయినట్టున్నారు.

"యంత్రం అల్లిన పులిని చూసి ఎవరికీ భయం వేయలేదు గురువుగారూ," అన్నారు చివరికి. "గంతులేసేది, అంతే. సుందరి ఆఖరి పోరు అలా చప్పగా పోకూడదనుకున్నాను. ఆరు రోజులు పొద్దున్నే వచ్చి నేనే కవచం వేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఈ ఒళ్లు చూసి నవ్వుతారని."

"నన్ను పిలిపించి గేదెకి సాము నేర్పించినోడివి, నువ్వెవుడివో నాకేల సెప్పనేదు?"

"మీరు మళ్లీ ఆ పేరుతోనే పిలుస్తారేమోనని."

పన్నెండు గంటల ఆరు నిమిషాలు. యంత్రం హెచ్చరికగా ఎర్రదీపం వెలిగించింది.

"తాతగారూ, పేరు!" అంది భార్గవి. "మీరు పేరు పెట్టి పిలిస్తే సుందరి లేస్తుంది. ఇదిగో మైకు. మీ మాట బరిలో సుందరికీ, అన్ని ఇళ్లలోనూ వినబడుతుంది. మా అందరికీ ఆయన రావుగారే. అసలు పేరు మీకే తెలియాలి. గుర్తుందా?"

"మరుస్తానేటి? యాభై ఏళ్లు గొంతుకలో అడ్డంపడి ఉంది."

ఆయన మైకు ముందు నిటారుగా నిలబడ్డాడు. రావుగారు రెండు మడమలూ నేలకు ఆనించి, చేతులు కట్టుకుని నిలుచున్నారు. పెసరట్టు నూనె అంటిన చేతిని అప్పలస్వామి పంచెకు తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

"బోనెలవారి గరిడీ!" అని కేక వేశాడు.

తెర మీద సుందరి నెమరు ఆపింది. చెవులు నిక్కబొడుచుకున్నాయి. కర్ర మీద పట్టు బిగిసింది. వీధిలో నవ్వులు ఆగిపోయాయి. కిటికీలోంచి చూస్తే వందల ముఖాలు, అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి.

"నా గేదెని కూకోబెట్టినోడు దొంగ కాదు, పగోడు కాదు!" ముసలాయన గొంతు ఆరంతస్తులూ దాటి వీధిలోకి, నలభై లక్షల ఇళ్లలోకి వెళ్లింది. "ఆడు నా శిష్యుడు. తప్పు మాట అని తరిమేసింది నాను. పేరెట్టి పిలుస్తన్నాను, అందరూ ఇనండి. లేవే సుందరీ! కర్ర దించి ఇటు రా నాయనా, బెవర వరహాలూ!"