నాన్న తాగేసిన బొమ్మ

ఆ ఉదయం కూడా బెల్మీరో మొక్కజొన్న కుడుము పళ్లెంలో పెట్టుకుని వసారాలోకి వెళ్లి, ఇంటివైపు వీపు తిప్పి కూర్చున్నాడు. కూతురు జురేమా వచ్చినప్పటి నుంచీ ఇదే తంతు.

జురేమా బొమ్మలకు రియోలో కూడా పేరుంది. ఈమధ్య తన జీవితకథ రాసింది. తను గీసిన మొదటి పెద్ద బొమ్మ, ఉయ్యాల మంచంలో నిద్రపోతున్న తండ్రిది. అది ఫోర్టలేజా నగరంలో బొమ్మల ప్రదర్శనకు ఎంపికైందట. తను విషజ్వరంతో పడి ఉంటే తండ్రి దాన్ని అమ్ముకుని తాగేశాడట. ఆ అధ్యాయం రేడియోలో చదివారు. ఊరు ఊరంతా చెవులు రిక్కించి విన్నది. ముసలాయన డొమినో ఆటకు వెళ్లడం మానేశాడు. ఎలా వెళ్తాడు మరి?

జురేమా వసారాలోకి వచ్చింది.

"నాతో మాట్లాడవా నాన్నా?"

"మాట్లాడితే అదీ పుస్తకంలో పెడతావు. నా మొహం నేనే అమ్ముకుని తాగానంట కదా. ఎంతకి పోయిందో కూడా రాయాల్సింది, జనం అడుగుతున్నారు."

"మరి ఏమైంది ఆ బొమ్మ? ఇన్నేళ్లలో ఒక్కసారైనా నేను అమ్మలేదన్నావా? ఆ రోజుతో నీమీద నమ్మకం పోయింది నాకు."

బెల్మీరో కుడుము తుంచాడు గానీ నోట పెట్టుకోలేదు.

లోపల కాఫీ వడకడుతున్న తల్లి కార్మోజీనా చేతిలో గుడ్డ జారింది. ఆమె గౌను అంచుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఆయన్ని అడక్కే. ఇచ్చింది నేను."

"ఎవరికి?"

"కనిందే ఊరి చర్చిలో స్వామికి. నువ్వు కళ్లు తేలేసినప్పుడు, బిడ్డ బతికితే ఇంట్లో దానికి ప్రాణమైనది ఇస్తానని, ఎవరికీ చెప్పనని మొక్కుకున్నాను. అక్కడి మొక్కుల గదిలో, జబ్బు నయమైనవాళ్లు ఇచ్చుకున్న మైనపు కాళ్లూ చేతుల మధ్యే వేలాడుతోంది."

జురేమా తల్లివైపు తిరిగింది. "నాన్నని దొంగని చేసి నోరు మూసుకున్నావా? నా చేత పుస్తకంలో కూడా రాయించావు కదమ్మా."

"చెబితే మొక్కు చెడి జ్వరం తిరగబెడుతుందని భయం. నీకు తుమ్మొచ్చినా వణికేదాన్ని. ఈయన మొహం చూడలేక ఎన్నిసార్లు ఏడ్చానో."

"నువ్వు ఏడవడం నాకు తెలుసులే," అన్నాడు బెల్మీరో. "ఆ ఏడే కనిందే యాత్రకు వెళ్లి, బొమ్మ చూశాను."

కార్మోజీనా అతనివైపు ఒక అడుగు వేసింది. "మీకు తెలుసా?" అంది.

"నా మొహం నేను గుర్తుపట్టలేనా?"

జురేమా వెక్కివెక్కి ఏడ్చింది. మోసపోయింది తనే అనుకుంటూ బతికింది, పుస్తకం అచ్చేసి మరీ. "మళ్లీ అచ్చు వేసేటప్పుడు నిజం రాస్తాను నాన్నా. అమ్మే ఇచ్చిందని అందరికీ చెబుతాను."

"వద్దు. నా పేరు ఎలాగూ పోయింది. మీ అమ్మ ఆదివారం చర్చిలో నలుగురి మధ్య తలెత్తుకుని కూర్చోవాలి."

"మరి నేనేం రాయను?"

బెల్మీరో అప్పుడు ఆమెవైపు తిరిగాడు. ముసలి కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఆ బొమ్మ కింద నిలబడ్డ రోజు నుంచి నేను చుక్క ముట్టలేదు. అది రాయి తల్లీ. నీ పుస్తకంలో అది లేదు."

జురేమా అతని కాళ్ల దగ్గర కూలబడింది. తను ఇంటికి వచ్చిన ప్రతిసారీ నాన్న చేతిలో ఉన్నది కాఫీ కప్పేనని, సారా గ్లాసు కాదని ఇప్పుడు గుర్తొచ్చింది. అతను చల్లారిన కుడుము తుంచి ఆమె నోటికి అందించాడు.