రెప్పల మీద వెచ్చని గుడ్డ

పొద్దున్నే రెప్పలు ఎర్రబడి కనిపిస్తే మగవాడు తాగాడనీ, ఆడపిల్ల ఏడ్చిందనీ తీర్పు చెప్పే అధికారం ఈ లోకానికి ఎవరిచ్చారు?

పుస్తకాలకు అట్టలు కట్టే ఓ యువకుడు మాత్రం అది తనకు పుట్టుకతోనే సంక్రమించిందనుకున్నాడు. పక్క దుకాణంలో గడియారాలు బాగుచేసే అమ్మాయితో అతనికి పెళ్లి నిశ్చయమైంది. పెళ్లి మాటల కోసం ఊరినుంచి వచ్చిన అతని తల్లి, అమ్మాయి ఇంట్లోనే దిగింది. సరిగ్గా అప్పటినుంచే అమ్మాయి రెప్పలు ఎర్రబడి ఉబ్బసాగాయి. రెప్పవెంట్రుకల మొదళ్లలో పొట్టు కట్టింది. అతడు ఆమెను ఒక్క మాటైనా అడగలేదు. ఈ సంబంధం ఇష్టంలేక ఏడుస్తోందని తానే నిర్ణయించుకుని, మహాత్యాగిలా వెళ్లి, పెళ్లి వద్దని ఆమె తల్లితో చెప్పి వచ్చాడు.

ఆ మధ్యాహ్నం జోరువానలో, గొడుగైనా లేకుండా ఆమె అతని దుకాణంలోకి వచ్చింది.

"నన్ను వద్దన్నావట?"

"నీ మంచికే."

"నా మంచి నీకెవరు చెప్పారు?"

"నీ కళ్లే. రోజూ ఏడుస్తున్నావుగా!"

"ఏడుపా, నా మొహమా! ఇది రెప్పల వాపు, మహానుభావా. చిన్నప్పటినుంచీ ఉంది."

అతడు తెలియకుండానే వెనక్కి జరిగాడు.

"అంటుకోదులే, పారిపోకు."

సిగ్గుపడి, వెనక్కి జరిగినదానికన్నా ఎక్కువే ముందుకు వచ్చాడు.

"రెప్పల అంచుల్లో సన్నటి నూనె గ్రంథులుంటాయి. ఆ నూనె గట్టిపడి దారి మూసుకుపోతుంది. నీ జిగురు గట్టిపడితే ఏం చేస్తావ్?"

"వెచ్చబెడతా."

"ఇదీ అంతే. రోజూ వెచ్చని గుడ్డ కప్పి, మెల్లగా ఒత్తి, అంచులు తుడుచుకుంటే హాయిగా ఉంటుంది. మానేస్తే మళ్లీ మొదలు."

"మరెందుకు మానేశావ్?"

ఆమె తొలిసారి తడబడింది. "అమ్మ మాన్పించింది. మీ అమ్మ చూస్తే కళ్ల జబ్బు పిల్ల అంటుందట. పెళ్లయ్యేదాకా ఓర్చుకోమంది."

జబ్బును దాచడానికి వైద్యం మాన్పించారు. వైద్యం మానగానే జబ్బు ముఖం మీదికే వచ్చి కూర్చుంది. పెద్దల తెలివి ఈ స్థాయిలో వెలుగుతుంటే పిల్లలకు వేరే శత్రువులెందుకు?

అతడు జిగురు పొయ్యి మీద శుభ్రమైన గిన్నెలో నీళ్లు పెట్టాడు. ఉతికిన గుడ్డ ముంచి, పిండి, ఆమె మూసిన కళ్లమీద వేశాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆపైన, అట్ట అతికించే అలవాటు కొద్దీ, రెండు బొటనవేళ్లతో గట్టిగా అదిమాడు.

"అబ్బా! ఇది పుస్తకం కాదు, నా కన్ను!"

"సారీ, చేతి అలవాటు."

"పైగా కాలుతోంది. ముందు నీ మణికట్టు మీద వేసి చూసుకో."

రెండోసారి కుదిరింది. వాన పడుతూనే ఉంది. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

"నిద్రపోయావా?"

"లేదు. మళ్లీ ఏ త్యాగం చేస్తావోనని కాపలా కాస్తున్నా."

"కళ్లు మూసుకునా?"

"చెవులు తెరిచే ఉన్నాయి. అడగాల్సింది అడుగు."

"నన్ను చేసుకుంటావా?"

"ఇది పూర్తిగా పోయేది కాదు. ఈ గుడ్డ రోజూ ఉంటుంది."

"నేనూ రోజూ ఉంటా."

సాయంత్రం ఆమె తన ఇంటి హాల్లో, అందరి ఎదుటా, కళ్లమీద వెచ్చని గుడ్డ కప్పుకుని కూర్చుంది. తల్లి ముఖం పాలిపోయింది. కాబోయే అత్తగారు లేచి, గుడ్డను తాకి చూసింది.

"చల్లారిపోయిందమ్మా. ఉండు, మార్చి తెస్తా."

పెళ్లి మాటల కోసం మీ ఇంట్లో ఏ పిల్లకైనా వైద్యం మాన్పించి ఉంటే, ఈ పుస్తకం ఇక్కడే మూయండి. లేవండి. వెళ్లి నీళ్లు వెచ్చబెట్టండి.