పైపూత కింద రాగి

గనిలో మోటార్లకి రాగి తీగ చుట్టే మేస్త్రీని ఎవరో కాల్చి చంపారు. అంత్యక్రియల మర్నాడే ఆయన చెల్లెలు చీఫ్ గదిలో నిలబడింది. ఆమె సీక్రెట్ ఏజెంట్. సర్వీసులో 'పిచ్చుక' అంటారు.

"ఈ కేసు నీకొద్దమ్మా."

"వేరేవాళ్లకి కాయిల్ చుట్టడం వచ్చా సార్?"

చీఫ్ ఫైలు ముందుకు తోశాడు. గనిలోకి గాలి పంపే కొత్త ఫ్యాన్ మోటారుకి ఒక విదేశీ ముఠా నకిలీ తీగ అంటగట్టింది. అసలు తీగకి రాగి మీద కరెంటు బయటికి పాకకుండా ఆపే ఎనామిల్, దాని మీద నున్నగా జారే పైపూత ఉంటాయి. ఇందులో పైపూత ఒక్కటే ఉందని అనుమానం. ఫుల్ లోడ్ పడితే మోటారు అంటుకుంటుంది. ఆ పొగంతా లోపలున్న కార్మికుల మీదికే పోతుంది.

"రుజువు కావాలి. అక్కడ సరుకు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ మేడమ్ మన మనిషే."

కాయిల్ చుట్టే వైండర్ వేషంలో పిచ్చుక వర్క్‌షాప్‌కి వెళ్లింది. ముందు సెంటు వాసన వచ్చింది, వెనకే మేడమ్ వచ్చింది.

"తీగ జారుతోందా?"

"జారితే చాలదు, తట్టుకోవాలి."

కోడ్ కలిసింది. మోటారు చుట్టగా మిగిలిన తీగను మేడమ్ ఇచ్చింది. పనివాళ్లు చూస్తారని పిచ్చుక కాయిల్ చుట్టడం మొదలుపెట్టింది. అన్నయ్య నేర్పిన అలవాటు, సులువుగా జారాలని ముందు తీగకి మైనం రాసింది.

పనివాళ్లు టీకి వెళ్లగానే మేడమ్ చేతిలోకి పిస్టల్ వచ్చింది.

"దానికదే జారే తీగకి మైనమేంటి? నా చేతిలో పోయిన ఆ మేస్త్రీ కూడా ఇలాగే రాసేవాడు. తీగ గురించి ఏమీ తెలియని ఏజెంట్‌ని పంపుతారనుకున్నాను. చెల్లెలివా?"

"ఆయన ఊసు మీ నోట వద్దు."

సైరన్ మోగింది. కొత్త ఫ్యాన్ స్టార్ట్ చేయబోతున్నారు. మేడమ్ చూపు కిటికీ వైపు తిరిగింది. పిచ్చుక విసిరిన తీగ ఉచ్చు ఆమె మణికట్టు మీద చప్పుడు లేకుండా జారి బిగిసింది. పిస్టల్ కిందపడింది. మేడమ్‌ని బెంచీకి కట్టేసి పిచ్చుక స్విచ్ రూమ్‌కి పరుగెత్తింది.

ఎలక్ట్రీషియన్ చేయి హ్యాండిల్ మీదుంది.

"ఆపండి బాబాయ్."

"పైవాళ్లు ఓకే చేశారమ్మా."

"పైవాళ్లు గనిలో లేరు బాబాయ్."

రెండు తీగ ముక్కలు మెలిపెట్టి, పెన్నులా కనిపించే హైవోల్టేజ్ టెస్టర్ ఆనించింది. నీలం మెరుపు. పూత చిట్లి రాగి బయటపడింది, మధ్యలో ఎనామిల్ లేదు. ఎలక్ట్రీషియన్ చేయి వెనక్కి తీసుకుని, పాత ఫ్యాన్ ఆన్ చేశాడు.

పోలీసుల వెంట సంకెళ్లతో వెళ్తూ మేడమ్ అంది, "మావాళ్లు నిన్ను వదలరు."

"రమ్మనండి. మోటారు మళ్లీ చుట్టేదాకా ఇక్కడే ఉంటాను. కాకపోతే, పని మధ్యలో రావద్దనండి. చుట్ల లెక్క తప్పుతుంది."