ఇప్పుడే అప్‌డేట్ చేయండి

సిగ్నల్ కంట్రోల్ రూమ్ ఇన్‌చార్జిని పట్టపగలు, కూర్చున్న కుర్చీలోనే కాల్చి చంపారు.

“ఏం చేశాడని?” అడిగాడు ఏజెంట్ డేగ.

“అప్‌డేట్ నొక్కనన్నాడు,” అన్నాడు చీఫ్. “మూడు వారాలుగా స్క్రీన్ మీద ఒకటే నస. ‘మీ వీడియో ప్లగిన్ పాతబడింది. ఇప్పుడే అప్‌డేట్ చేయండి.’ మూసిన కొద్దీ వచ్చేది. అది నకిలీదని పసిగట్టి మనకి ఫోన్ చేశాడు. గంటలో శవమయ్యాడు. విదేశీ ముఠా పని. ఇన్‌చార్జి తన పాస్‌వర్డ్ కొడితే చాలు, సిగ్నళ్లన్నీ వాళ్ల గుప్పిట్లోకి వెళ్తాయి. రేపు నాలుగింటికి గ్యాస్ ట్యాంకర్ల రైలు, ప్యాసింజర్ రైలు ఆ జంక్షన్‌కే వస్తున్నాయి.”

“అక్కడ మనవాళ్లు?”

“నెమలి. కంప్యూటర్ ఇంజనీరు వేషం. ముఠాలో చేరి మనకి కబుర్లు పంపుతోంది.”

మర్నాడు నెరిసిన విగ్గు, లావుపాటి కళ్లద్దాలతో డేగ కొత్త ఇన్‌చార్జిగా అదే కుర్చీలో కూర్చున్నాడు. వీపు వెనక దిండుకి తూటా చేసిన చిల్లు అలాగే ఉంది.

“వాన వచ్చేలా ఉంది,” అంది పక్క సీటులోని అందగత్తె.

“గొడుగు తెచ్చుకోలేదు,” అన్నాడు డేగ. కోడ్ సరిపోయింది.

మూడున్నరకి అప్‌డేట్ పెట్టె ప్రత్యక్షమైంది. మూశాడు. మళ్లీ వచ్చింది. మూశాడు. ఈసారి స్క్రీన్ సగం మింగేసింది.

“నొక్కేయండి సార్,” చేతిలో లిప్‌స్టిక్ తిప్పుతూ గుసగుసలాడింది నెమలి. “అసలు ఫైలు తీసేసి మనవాళ్లు ఉత్తుత్తిది పెట్టారు.”

డేగ వంగి ఇంటర్నెట్ కేబుల్ పీకేశాడు. అయినా పెట్టె వచ్చింది! అంటే అది బయటినుంచి కాదు, ఈ గదిలోంచే వస్తోంది.

“ఆ లిప్‌స్టిక్ తిప్పినప్పుడల్లా పెట్టె వస్తోంది,” అన్నాడు. “పెదాలకి మాత్రం ఒక్కసారీ తగల్లేదు.”

నెమలి చేతిలో పిస్టల్ మెరిసింది.

“ఆ ముసలాడూ ఇలాగే తెలివి చూపించాడు. పాస్‌వర్డ్ కొట్టు!”

“ప్యాసింజర్ రైల్లో ఆరువందల మంది ఉన్నారు.”

“నాకేం చుట్టాలా? కొట్టు!”

కణతకి ఇనుము చల్లగా తగిలింది. డేగ కొట్టాడు. స్క్రీన్ మీద అప్‌డేట్ గీత కదిలింది. ఇరవై శాతం. అరవై. గోడమీది మ్యాప్‌లో రెండు ఎర్రచుక్కలు దగ్గరవుతున్నాయి. ఎనభై. నెమలి చూపు ఒక్క క్షణం స్క్రీన్ మీదికి జారింది.

అదే చాలు. కీబోర్డు ఆమె మణికట్టుకి ఫెడేల్మని తగిలింది. తూటా సీలింగ్‌లో దిగబడింది. నేలమీద దొర్లుతున్న లిప్‌స్టిక్‌ని డేగ బూటు పటపటా నలిపేసింది. గీత తొంభై ఎనిమిది దగ్గర ఆగి, మాయమైంది. ట్యాంకర్ల రైలుకి ఎర్రలైటు వెలిగింది. కిటికీ అవతల ప్యాసింజర్ రైలు క్షేమంగా దాటిపోయింది.

బేడీలు పడ్డాక నెమలి పళ్లు కొరికింది. “కోడ్ చెప్పాను కదా! అయినా ఎందుకు నమ్మలేదు?”

డేగ విగ్గు తీసి జేబులో కుక్కుకున్నాడు.

“అడగని సాయం చేస్తానని పదేపదే తలుపు కొట్టేవాళ్లని మా అమ్మ గుమ్మం కూడా ఎక్కనిచ్చేది కాదు. ఆవిడకి కంప్యూటర్ రాదనుకో.”