కవ్వళ్లు ఆరిన రోడ్డు

“ఫెయిల్!” అంది లక్ష్మీకుమారి, నేల మీద నుంచి లేవకుండానే.

దిలీప్‌కి ఒళ్లు మండిపోయింది. సొంత ఊరు డొంకూరుకి తానే సైట్ ఇంజినీరై వేయిస్తున్న రోడ్డు! రోలర్ వెనకాల తిరిగి తిరిగి మాడిపోయాడు. ఈ క్వాలిటీ చెకింగ్ అమ్మాయేమో టెక్కలి నుంచి స్కూటీ మీద వచ్చి, పళ్లెం లాంటి కొత్త తేమ మీటర్‌ని నేలకి ఆనించి, ఒక్క ముక్కలో తేల్చేసింది. పైగా ఆ ముక్క అంటున్నప్పుడు ఆమె బుగ్గ మీద సొట్ట పడింది. అంత కోపంలోనూ అది కనిపించినందుకు అతనికి తన మీద తనకే చిరాకేసింది.

“ఏటండీ ఫెయిలు? సూడండి, బూటుతో తన్నినా ఊడదు!”

“బూటుతో టెస్టు మా రూల్స్‌లో లేదండి. తేమ పన్నెండు శాతం దాటకూడదు. మీటరు పద్దెనిమిది సూపిత్తంది.”

“అటు ముక్కంతా పాస్ సేసీసారు కదా! అదే మట్టి, అదే రోలరు. ఈ కాస్త ముక్కే తడిసిపోనాదా?”

“అది మీరే సెప్పాలి.”

“అయితే గొయ్యి తీసి సూద్దాం.”

“తవ్వకుండా తెలుసుకోడానికే కదండీ ఇది తెచ్చింది? జొరమొస్తే డాక్టరు ముందే పొట్ట కోసీమంటారేటి?”

రోలర్ డ్రైవర్ ఈశ్వరరావు కిసుక్కున నవ్వాడు. దిలీప్ గుర్రుగా చూసేసరికి టవల్ అడ్డం పెట్టుకున్నాడు.

సముద్రం మీద మబ్బు కమ్ముకొస్తోంది. ఈ మట్టి పొర పాసైతే దాని మీద కంకర మెటల్ పరిచేస్తారు. టిప్పర్లు వరసగా సిద్ధంగా ఉన్నాయి. అవి దించేలోపు వాన పడిందా, మట్టంతా బురదే. ఈ వానాకాలం కూడా ఊళ్లోకి ఐసు వ్యాను రాదు, చేపలు ఒడ్డునే కుళ్లిపోతాయి.

ఇంకో చిక్కు దిలీప్‌కి మాత్రమే తెలుసు. ఇదే ఆఖరి ముక్క. పాసైతే రేపటి నుంచి ఆమె స్కూటీ పలాస రోడ్డు వైపు తిరుగుతుంది. పాసవ్వాలని అతను మనస్ఫూర్తిగా కోరుకున్నాడు. కాకపోతే ఆ మనస్సు కొంచెం వంకరగా కోరుకుంది.

లక్ష్మీకుమారి ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చింది.

“ఇక్కడేటి, ఏదో వాసన?”

“ఏ వాసన? నాకేటీ రావట్లేదు.”

“సేపల వాసనండీ! ఇంత గట్టిగా వస్తంటే!”

“మా ఊరంతా ఇంతే కదండీ. సంటోడప్పట్నుంచీ పీల్చుకుంటన్నాను.”

ఆమె వంగి నేలని గోటితో గీకింది. తెల్లటి ఉప్పు మెరిసింది. పక్కనే చిన్న పొలుసు అంటుకుని ఉంది. దిలీప్ ఆ పొలుసు వైపు చూశాడు. తర్వాత సరిగ్గా ఎదురుగా ఉన్న తన ఇంటి వైపు చూశాడు.

“అమ్మా!”

రత్నాలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “ఏటిరా, ఆ కేకలేటి?”

“ఇక్కడ కవ్వళ్లు సేపలు ఆరబెట్టీసేవా?”

“పొద్దున్న ఉప్పు పట్టించి పరిసేను, మబ్బు సూసి ఎత్తీసేను. ఇసక నేదు, దుమ్ము నేదు, సాపలాగ ఎంత నున్నగుందో! ఊళ్లో ఆడోల్లందరికీ సూపించేను, నా కొడుకేసిన రోడ్డని.”

దిలీప్ తల పట్టుకున్నాడు. లక్ష్మీకుమారి పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

“ఈ మీటరు కరెంటుతో తేమని పసిగడతాదండి. పైన ఉప్పునీరు దిగితే లోపల కూడా తడుందనుకుంటాది.”

“అయితే పాసే కదా?”

“అనుమానంతో పాస్ సెయ్యను. గుప్పెడు మట్టి తవ్వండి, అడుగునుంచి.”

“తవ్వకూడదన్నారు?”

“డాక్టరు కూడా ఒక్కోసారి కోస్తాడు. తొందరగా తవ్వండి!”

ల్యాబ్‌కి పట్టుకెళ్లే టైము లేదు. రత్నాలమ్మ చేపలు తూచే కాటా మీద మట్టిని తూచారు. ఆమె పెనం మీదే వేసి వేయించారు.

“ఓలమ్మా! మట్టి ఏపుడా? ఉల్లిపాయ కోసీమంటావేటి?” అంది రత్నాలమ్మ.

పెనం మీద ఇద్దరూ ఒకేసారి వంగారు. తలలు ఠప్పున తగిలాయి. “సారీ” అన్నారిద్దరూ, కానీ ఎవరూ వెనక్కి జరగలేదు. వేడెక్కాల్సింది మట్టే గానీ, దిలీప్ చెవులు కూడా వేడెక్కాయి.

మళ్లీ తూచారు. లక్ష్మీకుమారి లెక్క కట్టింది.

“పదకొండు!” ఆమె దాదాపు గెంతింది. “ఉప్పు పట్టిన పైమట్టి గీకించీయండి. కొత్త మట్టేసి రోలర్ తిప్పండి. మళ్లీ మీటరు పెడతాను!”

ఈశ్వరరావు రోలర్‌ని రేసు కారులా ఉరికించాడు. మీటర్ మళ్లీ నేలకి ఆనింది. దిలీప్ ఆమె భుజం మీంచి తొంగిచూశాడు. పదకొండు!

“పాస్!”

టిప్పర్లు ఒకదాని వెనక ఒకటి మెటల్ కుమ్మరించాయి. ఆఖరి చోట రోలర్ తిరుగుతుండగానే మొదటి చినుకు పడింది. క్షణంలో కుండపోత. ఇద్దరూ మీటర్‌ని మధ్యలో పెట్టుకుని పరుగెత్తి రత్నాలమ్మ పంచలో దూరారు. ఎదురుగా మెటల్ మీద వాన టపటపలాడుతోంది. కింద మట్టి భద్రంగా ఉంది.

“రేపట్నుంచి పలాసేనా?” అన్నాడు దిలీప్.

“అవును. మీ పీడ వదిలిపోయింది.”

“నాకొదలక్కర్లేదు.” అనేశాడు. అన్నాక ఆగలేకపోయాడు. “మీరు ఫెయిలన్న రోజు కూడా మీ స్కూటీ సౌండ్ కోసమే సూసేవోణ్ణి. నువ్వంటే నాకిష్టం, కుమారీ. కానీ మా ఇల్లు సూసేవు కదా. పొద్దున్న లేస్తే ఉప్పుసేపలే, పడుకుంటే ఉప్పుసేపలే. టెక్కలి పిల్లవి, ఈ వాసనలో ఉండగలవా?”

ఆమె వానని చూసింది, అతన్ని చూసింది. లోపల రత్నాలమ్మ గరిటె చప్పుడు ఆగిపోయింది.

లక్ష్మీకుమారి గుండెల నిండా గాలి పీల్చింది. బుగ్గ మీద సొట్ట పడింది.

“ఏ వాసన?” అంది. “నాకేటీ రావట్లేదు.”

“మూడు కంచాలు పెడతన్నానర్రా!” అని లోపల నుంచి కేక వినిపించింది.