ఆకుపచ్చ గడులు

"ఇది పచ్చి అబద్ధం," అంది ఫిజియోథెరపిస్టు, అతని ఎడమకాలి బూటు తిరగేసి చూస్తూ.

అతను కంగుతిన్నాడు. కాలు చూపించుకుందామని వస్తే ఈవిడ కాలు వదిలేసి బూటు పట్టుకుంది.

"ఏదండీ అబద్ధం?"

"మీ చార్టు."

టేబుల్ మీద అతని ఏడాది పరుగు చార్టు పరిచి ఉంది. రోజుకో గడి. పరిగెత్తే రోజులు నీలం, విశ్రాంతి రోజులు ఆకుపచ్చ, నాలుగు వారాలకోసారి తేలిక వారం. అన్నిటికంటే చివర ఒక్క ఎర్ర గడి. ఆ రోజు నలభై రెండు కిలోమీటర్ల పందెం.

"ఈ లెక్కన బూట్లు ఇంకా కొత్తగా ఉండాలి. అడుగు చూడండి, నున్నగా అరిగిపోయింది. ఆకుపచ్చ రోజుల్లో ఏం చేస్తున్నారు?"

"విశ్రాంతి తీసుకుంటున్నానండీ."

"ఎంత స్పీడులో?"

అతనికి నవ్వాగలేదు. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

"ఏం పని చేస్తారు?"

"బస్ డిపోలో టైంటేబుల్స్ వేస్తాను."

"బస్సుల్ని రోజూ తిప్పుతారా?"

"భలేవారే! మధ్యమధ్యలో షెడ్డులో పెట్టకపోతే రోడ్డు మీదే ఆగిపోతాయి," అనేసి నాలుక కరుచుకున్నాడు.

"మరి మీ కాలు బస్సు పాటి చెయ్యదా? ఇంకో రెండు వారాలు ఇలాగే పరిగెత్తితే ఎముక చిట్లుతుంది. అప్పుడు పందెం మాట మర్చిపోవాలి. అందుకే ఇవాళ్టి నుంచి ఆరు వారాలు పరుగు బంద్."

అతని మొహం వాడిపోయింది. తల దించుకునే చెప్పాడు. "పరిగెత్తని రోజు సాయంత్రం ఇంటికెళ్తే, మళ్లీ పొద్దున డిపోకి వెళ్లేదాకా పలకరించే దిక్కుండదండీ. ఫ్రిజ్ చప్పుడొక్కటే. అందుకే బూట్లేసుకుంటాను."

ఆమె బూటు మెల్లగా కింద పెట్టింది.

"అయితే హోంవర్కు ఇస్తున్నాను. ఆకుపచ్చ గడి వచ్చినప్పుడల్లా ఆ రోజు ఏం చేశారో ఒక్క వాక్యం రాయండి. నేను చదువుతాను."

మొదటి వారం రాశాడు: "ఫ్రిజ్ చప్పుడు విన్నాను." రెండో వారం: "కిటికీలోంచి వాన చూశాను. వాన నన్ను పట్టించుకోలేదు." మూడో వారం: "అక్కకి ఫోన్ చేశాను. ఏరా, బతికే ఉన్నావా అంది." కాలికి కట్టు చుడుతూ ఆమె ఒక్కొక్కటీ పైకి చదివి పకపకా నవ్వేది. నాలుగో వారం పెన్సిల్‌తో ఏదో రాసి, రబ్బరుతో చెరిపేసి తెచ్చాడు. ఆ గడి చూసి ఆమె ఏమీ అనలేదు.

ఆరు వారాలూ ఇట్టే గడిచిపోయాయి.

"కాలు భేషుగ్గా ఉంది. ఇక మీరు రానక్కర్లేదు," అందామె, చార్టు మడిచి చేతికిస్తూ.

తగ్గిపోయినందుకు బాధపడే రోగి ప్రపంచంలో తనొక్కడే అయ్యుంటాడనిపించింది అతనికి. థాంక్స్ చెప్పి బయటికొచ్చాడు. అసలు మాట మాత్రం చెప్పకుండానే వచ్చేశాడు.

పరుగు మళ్లీ మొదలైంది. ఆకుపచ్చ రోజుల్లో బుద్ధిగా ఇంట్లోనే కూర్చున్నాడు గానీ, చదివేవాళ్లు లేని గడిలో రాయబుద్ధి కాలేదు. ఫ్రిజ్ ఇదివరకటి కంటే గట్టిగా మోగుతున్నట్టుంది.

"ఒరేయ్, వెళ్లి చెప్పెయ్‌రా," అంది అక్క ఫోన్లో.

"కాదంటే?"

"అంటే అంటుంది. ఒక్కటి గుర్తుపెట్టుకో, కాలు నొప్పని మాత్రం వంక పెట్టకు. ఆ అమ్మాయి బూటు చూసి పట్టేస్తుంది."

ఆదివారం మధ్యాహ్నం వాన. గొడుగేసుకుని బయల్దేరాడు. క్లినిక్ బోర్డు మీద "ఆదివారం సెలవు" అని ఉందని తెలుసు. కనీసం బోర్డైనా చూసొద్దామనుకున్నాడు. తీరా వెళ్తే షట్టర్ సగం తెరిచి ఉంది. లోపల ఆమె ఒక్కతే కూర్చుని కట్టుగుడ్డలు చుడుతోంది.

"సెలవు కదండీ?"

ఆమె ఉలిక్కిపడింది. "ఇవి చుట్టాల్సినవి ఉంటేనూ..."

"అన్నీ చుట్టే ఉన్నట్టున్నాయే?"

"విప్పి మళ్లీ చుడుతున్నాను."

"ప్రతి ఆదివారమూ ఇంతేనా?"

ఆమె తలూపింది. చేతిలో గుడ్డ వైపే చూస్తూ అంది: "మా ఇంట్లోనూ ఫ్రిజ్ ఉందండీ."

అంతమందికి విశ్రాంతి రాసిచ్చే మనిషి, తనలాగే విశ్రాంతికి భయపడి ఇక్కడ దాక్కుందన్నమాట.

"నాకు కాలు నొప్పేమీ లేదు," అన్నాడు. "మిమ్మల్ని చూడాలనిపించి వచ్చాను. మీరంటే నాకిష్టం."

"తెలుసు."

"ఎలా?"

"నాలుగో వారం గడి. 'ఏం రాస్తే ఆమె నవ్వుతుందో అని రోజంతా ఆలోచించాను.' రబ్బరుతో చెరిపారు గానీ, పెన్సిల్ మరీ అంత నొక్కి రాస్తే ఎలాగండీ?" ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. "పేషెంటుగా ఉన్నన్నాళ్లూ అడక్కూడదని ఊరుకున్నాను. ఆ తర్వాత మీరే వస్తారని చూశాను. మూడు ఆదివారాలు చూశాను."

ఆమె చేతిలో గుడ్డ సగంలోనే వదిలేసి లేచింది. ఇద్దరూ కలిసి షట్టర్ దించారు. ఉన్నది ఒక్కటే గొడుగు.

"పదండి," అన్నాడతను.

"మెల్లగా నడవండి మహానుభావా. ఇవాళ ఆకుపచ్చ."

ఆ రోజు గడిలో అతను ఏమీ రాయలేదు. రాయడానికి తీరిక దొరకలేదు.